టబ్బుకు పోయిన ఫోన్

సుధీర్ ఫోన్‌ని చంపింది వాళ్లమ్మ. వాడిన ఆయుధం సుధీర్ వీడియో.

శనివారం భోజనాలయ్యాక, సాయంత్రం లైవ్‌కి ముఖం తేటగా ఉండాలని అతను గడ్డం గీసుకోవడానికి బాత్రూంలోకి వెళ్లాడు. బయటికొచ్చేసరికి డైనింగ్ టేబుల్ మీద అతని ఫోన్ తెల్లగా వెలుగుతూ, స్వాగతం చెప్పి, భాష ఎంచుకోమంటోంది. కొత్తగా కొన్నప్పుడు అలా అంటుంది. లేదా అంతా తుడిచేసినప్పుడు.

పక్కనే జానకీదేవి తన ఫోన్‌ని మంచినీళ్ల చెంబుకి ఆనించి కూర్చుంది. అందులో సుధీర్ చెయ్యెత్తి, నోరు తెరిచి, పాజ్‌లో ఉన్నాడు.

"అమ్మా, ఏం చేశావ్?"

"పొద్దున్నుంచీ హ్యాంగ్ అవుతోందని విసుక్కుంటున్నావుగా నాన్నా. ఇవాళ నీకు పెద్ద రోజు. నేనే బాగుచేసి పెట్టాను." ఆవిడ ముఖం వెలిగిపోతోంది. "నీ వీడియో చూసే చేశాను. ఫ్యాక్టరీ రీసెట్. ఎంత బాగా చెప్పావో, ఎక్కడా తడుముకోలేదు."

"పిన్ ఎలా తెలుసు?"

"నువ్వు పుట్టిన తేదీయేగా. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

పుట్టిన తేదీని పిన్‌గా పెట్టుకునేవాళ్లని నానా మాటలూ అంటూ సుధీర్ ఒక వీడియో చేశాడు. అది బాగా ఆడింది.

"ముందు బ్యాకప్ తీసుకోమని చెప్పాను కదమ్మా అందులో."

"ఎక్కడ చెప్పావ్?"

"చివర్లో."

"చివరిదాకా ఎవరు చూస్తారు నాన్నా," అందావిడ.

గుండ్లపోచంపల్లి దగ్గర హైవే పక్క కాలనీలో ఉంటూ సుధీర్ 'చిటికెలో టెక్' అనే ఛానెల్ నడుపుతున్నాడు. ఫోన్ వేడెక్కితే ఏం చెయ్యాలి, వైఫై నెమ్మదిస్తే ఏం చెయ్యాలి, కొత్త గేమ్ ఎప్పుడొస్తుంది. మొదటి రెండింటికీ అతని దగ్గర ఒకటే మందు: తుడిచెయ్యండి. మూడోదానికీ ఒకటే మందు: త్వరలో. ఈ రెండు మందుల మీద నమ్మకంతోనే కండ్లకోయ ఐటీ పార్కులో ఉద్యోగం మానేశాడు.

మానేసిన రోజునుంచీ మామగారు వెంకటరామయ్యకి అల్లుడంటే జాలి పట్టుకుంది. ఆయనకి అదే రోడ్డులో వంటనూనెల గోడౌన్ ఉంది. అందులో ఒక కుర్చీ, ఒక కంప్యూటరు, ఆ రెండింటి ముందూ అల్లుడు కూర్చోవలసిన ఖాళీ ఉన్నాయి. పెద్దవాళ్లు కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చారు. ఇవాళ సాయంత్రం లైవ్ సవ్యంగా జరిగితే సుధీర్ ఛానెల్ సుధీర్ ఇష్టం. జరక్కపోతే సోమవారం నుంచి గోడౌన్.

ఇవాళ్టి లైవ్ మామూలుది కాదు. 'డెక్కన్ స్ట్రైక్' అనే తుపాకుల గేమ్ తెలుగు మాటలతో రాబోతోంది. ఎప్పుడొస్తుందో ఆ కంపెనీ మొట్టమొదట సుధీర్ నోటితో చెప్పించబోతోంది, ఐదింటికి. బాగా జరిగితే ఏడాదిపాటు వాళ్ల తెలుగు ప్రచారమంతా అతనిదే. అతను మొదలెట్టకపోతే సుచిత్ర ఏరియాలో ఇంకో ఛానెల్ నడిపే ఆకాశ్‌కి వెళ్లిపోతుంది. ఆకాశ్‌కి గోడౌన్ ఉన్న మామగారు లేరు. అంచేత వెనక్కి తగ్గే అవకాశమూ లేదు.

సుధీర్ ఛానెల్ పాస్‌వర్డ్ కొట్టాడు. తీసుకుంది. ఆ తరవాత రెండో తాళం అడిగింది, కోడ్ ఇచ్చే యాప్‌లోని కోడ్. ఆ యాప్ ఇప్పుడే తుడిచిపెట్టుకుపోయిన ఫోన్‌లో ఉండేది. ఎస్సెమ్మెస్‌తో రాదా అంటే రాదు. ఎస్సెమ్మెస్ కోడ్ ప్రమాదమని అందరికీ చెప్పి, ముందు తన నంబరే తీసేశాడు. అత్యవసరానికి దాచుకోమని ఇచ్చే కోడ్‌లని స్క్రీన్‌షాట్ తీసి భద్రంగా దాచాడు. ఆ ఫోన్‌లోనే. ఖాతా తిరిగి ఇవ్వమని అర్జీ పెడితే, పరిశీలించి కొన్ని రోజుల్లో చెబుతామని మర్యాదగా జవాబొచ్చింది.

"లాప్‌టాప్‌లో లాగిన్ ఉంటుందిగా," అంది అతని భార్య శ్రీలేఖ, గది గుమ్మంలో నిలబడి.

"నిన్న ఫార్మాట్ చేశాను."

"ఎందుకు?"

"ఫ్రెష్‌గా ఉంటుందని."

శ్రీలేఖ గోడౌన్ యజమాని కూతురు కాబట్టి సరుకు పాడైతే ఎలా చూడాలో ఆమెకి తెలుసు. అలా చూసింది.

"అదేంటి నాన్నా," అంది జానకీదేవి, "లాగిన్ లేకపోవడమేంటి? నువ్విప్పుడే నా కామెంటుకి గుండె పెట్టావుగా."

ఆవిడ ఫోన్ చూపించింది. ఛానెల్ కింద ఆవిడ కామెంటు: 'శుభం నాన్నా, తొందరపడకుండా మాట్లాడు.' దాని పక్కన ఎర్రటి గుండె. ఛానెల్ యజమాని మాత్రమే పెట్టగలిగిన గుండె. పెట్టి రెండు నిమిషాలు కూడా కాలేదు. ఆ రెండు నిమిషాలూ యజమాని ఫోన్ భాష ఎంచుకోమని బతిమాలుతూ ఉంది.

సుధీర్ ఆ గుండె వైపు వంగి చూశాడు.

"హ్యాకర్," అన్నాడు గొంతు తగ్గించి.

"హ్యాకర్ పనిగట్టుకుని వచ్చి అత్తయ్య కామెంటుకి గుండె పెడతాడా?" అంది శ్రీలేఖ.

అప్పుడు వెలిగింది అతనికి. కొన్ని నెలలుగా అతని ఛానెల్‌లో ప్రతి కామెంటుకీ గుండె పడుతోంది. 'అన్న ఎంత బిజీగా ఉన్నా అందరికీ గుండె పెడతాడు' అని జనం మురిసిపోతున్నారు. తను ఎప్పుడో సగం చేసి వదిలేసిన ఆటోమేషన్ ఏదో ఎట్టకేలకు పనిచేస్తోందని సుధీర్ అనుకున్నాడు. అదెలా చెయ్యాలో నేర్పుతూ వీడియో కూడా పెట్టాడు.

"నా పాత ఫోన్‌లో ఛానెల్ లాగిన్ ఉంది," అన్నాడు. "డ్రాయర్‌లో పడేశాను. లాక్ కూడా లేదు దానికి."

"డ్రాయర్‌లో ఉండేది," అంది శ్రీలేఖ. "ఇప్పుడు బాల్కనీలో టబ్బు ఉంది."

"అర్థం కాలేదు."

"మోపెడ్ మీద మైకు పెట్టుకుని వస్తాడు చూడు, పాత ఫోన్లకి, పాడైన ఫోన్లకి టబ్బులు, గిన్నెలు ఇస్తామని. అతనికిచ్చాను. పాడైందన్నావుగా."

"మూల పగిలిందన్నాను."

"నాకు రెండూ ఒకటే."

పాత ఫోన్ అమ్మే ముందు, ఇచ్చే ముందు, ఆఖరికి చెత్తబుట్టలో వేసే ముందు లాగౌట్ అవ్వాలని సుధీర్ వందసార్లు చెప్పాడు. చెప్పింది చెయ్యకపోవడం వల్ల అతనికి జీవితంలో మొదటిసారి మేలు జరిగేలా ఉంది. టైం నాలుగవుతోంది. స్కూటర్ తాళాలు తీశాడు.

శ్రీలేఖ బాల్కనీలోంచి నీలం రంగు టబ్బు తెచ్చి అతని చేతికిచ్చింది. "ఇదిస్తే ఫోన్ తిరిగిస్తాడేమో అడుగు."

"వాపసు తీసుకోవడానికి వాడేమన్నా ఆన్‌లైన్ షాపా?"

"పట్టుకెళ్లు. అడిగితే పోయేదేముంది."

టబ్బుని కాళ్ల మధ్య ఇరికించుకుని గేటు దగ్గర ఆగాడు. కాలనీ వాచ్‌మన్ గాలయ్య కుర్చీలోంచి లేచాడు.

"గాలయ్యా, టబ్బులమ్మే మోపెడతను ఎవరు? ఎక్కడుంటాడు? గేటు యాప్‌లో చూసి చెప్పు."

"యాప్ యాడుంది సారు. మీరు మొన్న సాఫ్ జేసిన్రు గద, గప్పటిసంది తెరుసుకుంటలేదు."

"సరే, యాప్ లేకుండా చెప్పు."

"గట్లడగున్రి. గాయన బాలమల్లు. మేడ్చల్ డిపో ఎనక చాయ్ హోటల్ కాడ ఉంటడు గీ టైంకు." గాలయ్య టబ్బు వైపు చూశాడు. "ఏంది సారు, టబ్బు కారుతాందా?"

జవాబు చెప్పే తీరిక సుధీర్‌కి లేదు. హైవే మీద లారీల మధ్యనుంచి స్కూటర్ దూకించాడు. గాలికి టబ్బు డప్పులా మోగుతోంది. ఆటోవాళ్లు తప్పుకుని దారిచ్చారు, మర్యాదతో కాదు, ఏమిటా అని చూడ్డానికి.

బాలమల్లు అక్కడే ఉన్నాడు. మోపెడ్‌కి రెండువైపులా టబ్బులు, బకెట్లు, స్టీలు గిన్నెలు వేలాడుతున్నాయి. సాసర్‌లో పోసుకుని చాయ్ తాగుతున్నాడు. నీలం టబ్బుని దూరం నుంచే గుర్తుపట్టాడు.

"వాపస్ లేదు సారు," అన్నాడు, సుధీర్ స్టాండు వేయకముందే.

"వాపసు కోసం కాదు. ఈ టబ్బుకి మా ఆవిడ ఒక ఫోన్ ఇచ్చింది. మూల పగిలింది. ఏం చేశావ్?"

"గా లాకు లేని ఫోనా? మస్తు ఫోన్ సారు గది. షామీర్‌పేట యాదవ్వకిచ్చిన."

"అమ్మేశావా?"

"అమ్ముడెందుకు. శాపలకిచ్చిన."

"చేపలకా? అంత మంచి ఫోన్‌ని చేపలకిచ్చావా?"

"మీరు టబ్బుకియ్యలే?" అన్నాడు బాలమల్లు, సాసర్ దించకుండానే.

సుధీర్ ఆ విషయం పక్కన పెట్టాడు. "ఇచ్చేముందు లోపల ఉన్నదంతా తుడిచావా?"

"నేనెందుకు గెలుకుత సారు. మంచిగ నడుస్తున్నదాన్ని గెలికితే ఏమైతదో నాకెర్కలేదా."

ఇలాంటి నిర్లక్ష్యం వల్లే జనం డేటా దొంగలపాలవుతోందని సుధీర్ మనసులో బాధపడ్డాడు. ఆ నిర్లక్ష్యానికి దండం పెట్టి షామీర్‌పేట దారి పట్టాడు.

దారిలో జేబులోని ఫోన్ మోగింది. గేమ్ కంపెనీ అమ్మాయి. ఎక్కడున్నారు, లైవ్ లింకు ఇంకా రాలేదేంటని అడిగింది.

"దారిలో ఉన్నాను. ఔట్‌డోర్ ప్లాన్ చేశాం," అన్నాడు.

"ఐదుంపావు దాకా చూస్తాం సార్. ఆకాశ్ గారు రెడీగా కూర్చున్నారు."

ఆకాశ్ ఎప్పుడూ రెడీగానే కూర్చుంటాడు. అదే అతని కంటెంటు.

చెరువు కట్ట దగ్గర రోడ్డు పక్కన, పెద్ద గొడుగు కింద యాదవ్వ చేపలు అమ్ముతోంది. అరవై దాటిన మనిషి. ముందు కత్తిపీట, త్రాసు, అడుగు పగిలిన థర్మాకోల్ పెట్టెలో నీళ్లు కారిపోతూ చేపలు. మెడలో దారానికి ప్లాస్టిక్ కవరు, అందులో మూల పగిలిన ఫోన్. సుధీర్ చూస్తుండగానే అది టింగుమంది. యాదవ్వ చేపల నీళ్ల చేతిని కొంగుకి తుడుచుకుని, కవరు మీంచే బొటనవేలితో ఒకచోట ఒత్తింది. ఊళ్లో ఎవరో అభిమాని గుండె పొంగిపోయి ఉంటుంది.

"అమ్మా, ఆ ఫోన్ నాది," అన్నాడు సుధీర్ రొప్పుతూ.

"నీదైతే నా మెడలెందుకున్నది?"

"మా ఇంట్లో పొరపాటున టబ్బుకి ఇచ్చేశారు."

"నేను పొరపాటున తీస్కోలే. రెండు పెద్ద రవ్వ శాపలిచ్చి తీస్కున్న." మళ్లీ టింగుమంది. మళ్లీ ఒత్తింది. "గిదొక్కటే పరేషాన్. ఊకె మోగుతనే ఉంటది. గీ ఎర్ర గుండె ఒత్తితే సప్పుడు బందైతది. పొద్దుందాక గిదే పనాయె."

తన ఆటోమేషన్‌ని సుధీర్ కళ్లారా చూశాడు. దానికి చేపల వాసన వస్తోంది.

"అమ్మా, ఒక్క గంట ఇవ్వు. కావాలంటే నా కొత్త ఫోన్ నీ దగ్గర పెట్టుకో."

యాదవ్వ అతని ఫోన్ అందుకుని అటూ ఇటూ తిప్పింది. "ఇండ్లేమున్నది?"

"ఇప్పుడేం లేదు. అమ్మ అంతా తుడిచేసింది."

"ఖాళీ డబ్బా నాకెందుకు బిడ్డా. సుచిత్ర అపార్ట్‌మెంటోళ్ల నెంబర్లన్ని గిండ్లనే ఉన్నయ్. గిరాకి టైం గిది." అని ఫోన్ తిరిగిచ్చేసి స్కూటర్ వైపు చూసింది. "గా టబ్బు గట్టిగున్నదా?"

సుధీర్‌కి జీవితంలో ఎవరిమీదా రానంత గౌరవం భార్య మీద వచ్చింది. టబ్బు దించాడు. యాదవ్వ దాన్ని వేళ్లతో కొట్టి చూసింది, అంచు పట్టుకుని వంచి చూసింది, అడుగు వెలుతురుకి పెట్టి చూసింది. తర్వాత చేపలు అందులోకి మార్చింది.

"గంట సేపు పట్టు. గాని ఫోనొస్తే నువ్వే మాట్లాడాలె. ఆర్డర్ పోగొట్టినవంటే టబ్బు నాదే, ఫోన్ నాదే."

ఐదు దాటింది. పావు కాలేదు. సుధీర్ కవరులోంచి ఫోన్ తీశాడు. ఛానెల్ తెరుచుకుంది. ఏ తాళమూ అడగలేదు. అతని ఫొటో, అతని పేరు, అతని జనం. గొడుగు కర్రకి ఫోన్ ఆనించి, వెనక చెరువు కనిపించేలా నిలబడి లైవ్ నొక్కాడు.

"మిత్రులారా, చిటికెలో టెక్‌కి స్వాగతం."

జనం దిగారు. చెరువు గ్రాఫిక్స్ అదిరిపోయాయని ఒకడు రాశాడు. కొత్త మ్యాప్ ఇదేనా అన్నా అని ఇంకొకడు. వెనకాల కత్తిపీట మీద యాదవ్వ ఒక చేప తల ఎగరగొట్టగానే, గేమ్‌లో కత్తి కూడా పెట్టారని మూడోవాడు నిర్ధారించాడు.

అంతలో ఫోన్ మోగింది. సుచిత్ర నుంచి ఎవరో ఆవిడ.

"బొచ్చె చేపలున్నాయా?"

లైవ్‌లో వేలమంది. కట్ చేద్దామనుకున్నాడు. యాదవ్వ కత్తిపీట మీంచి తల ఎత్తి చూసింది.

"ఉన్నాయండీ," అన్నాడు సుధీర్. "ముక్కలు కొట్టించాలా?"

"చిన్న ముక్కలు. తల వేరుగా పెట్టండి."

"తల వేరుగా," అన్నాడు యాదవ్వ వైపు తిరిగి.

చూసేవాళ్లు రెట్టింపయ్యారు. జేబులో కొత్త ఫోన్ మోగింది. కంపెనీ అమ్మాయి మెసేజ్: 'చేపల ఐడియా సూపర్ సార్. మా వాళ్లంతా చూస్తున్నారు. తేదీ అప్పుడే చెప్పొద్దు, ఇంకాస్త పెరగనివ్వండి.' దాని వెనకే ఇంకొకటి: 'ఏడాది అగ్రిమెంట్ రెడీ చేస్తున్నాం.'

గోడౌన్‌లోని కుర్చీ మెల్లగా వెనక్కి జరగడం సుధీర్‌కి కనిపించింది. గొంతులోకి గాంభీర్యం వచ్చింది. మరో రెండు ఆర్డర్లు తీసుకున్నాడు. కొర్రమట్టలు అయిపోయాయని జనానికి కూడా ప్రకటించాడు. జనం బాధపడ్డారు.

"ఇప్పుడు మీరంతా ఎదురుచూస్తున్న తేదీ," అన్నాడు.

బొమ్మ ఒక్కసారి బిగుసుకుంది. మళ్లీ కదిలింది. మళ్లీ బిగుసుకుంది. కామెంట్లు వచ్చాయి: అన్నా ఆగుతోంది, అన్నా ఫోన్ స్లోనా. తెర మీద ఒక పసుపు చీటీ జారింది. చోటు నిండిపోయింది, ఎక్కువ చోటు తింటున్న యాప్‌ని ఖాళీ చెయ్యమంటారా అని.

ఇంకెవరైనా అయితే ఆ చీటీని పక్కకి తోసి, తేదీ చెప్పేసి, తరవాత సంగతి తరవాత చూసుకునేవాళ్లు. గాలయ్య అయితే దాన్ని ముట్టుకునేవాడు కాదు. బాలమల్లు అసలే గెలికేవాడు కాదు. కానీ వేలమంది చూస్తుండగా ఒక ఫోన్ నెమ్మదించింది. ఎదురుగా నిలబడింది చిటికెలో టెక్ సుధీర్.

"చూశారా మిత్రులారా," అన్నాడు, కళ్లు మెరుస్తుండగా. "ఫోన్ స్లో అయితే అందరూ కంగారు పడతారు. మనం పడం. తేదీ చెప్పేముందు ఒక చిన్న చిటికె. లైవ్‌లోనే చూపిస్తాను."

చీటీ నొక్కాడు. ఈ యాప్ సమాచారమంతా పోతుంది, సరేనా అని అడిగింది. ఆ ప్రశ్నకి అతను ఇంతవరకూ వద్దు అని నొక్కిన పాపాన పోలేదు.

సరే నొక్కాడు.

చెరువు మాయమైంది. జనం మాయమయ్యారు. తెల్లటి తెర మీద లాగిన్ పేజీ వచ్చింది, చాలా వేగంగా. పాస్‌వర్డ్ కొట్టాడు. తీసుకుంది. రెండో తాళం అడిగింది.

కట్ట మీద గాలి చల్లగా వీస్తోంది. నీలం టబ్బులో ఒక రవ్వ తోక కొట్టుకుంది.

"అయిపోయిందా?" అంది యాదవ్వ.

"అయిపోయిందమ్మా."

ఆమె ఫోన్ అందుకుని చూసింది. నంబర్లు ఉన్నాయి, ఫొటోలు ఉన్నాయి. వేలితో పైకీ కిందికీ తోసింది. ముఖం విప్పారింది. "మస్తు జల్దీ నడుస్తాంది గద. టింగు టింగు సప్పుడు గూడ బందైంది. ఏం జేసినవ్ బిడ్డా?"

"తుడిచాను."

"ఓ బాలనర్సమ్మా," అని పక్క గొడుగు కిందున్న చేపలావిడని కేకేసింది యాదవ్వ. "నీ ఫోన్ నడుస్తలేదంటివి గద. గీ సారు మంచిగ సాఫ్ జేస్తడు. జల్దీ రా, పోతడు మళ్ల."

బాలనర్సమ్మ వచ్చింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు, మెడల్లో కవర్లు విప్పుకుంటూ.

సుధీర్ కొత్త ఫోన్‌లో మెసేజ్ పడింది. 'లైవ్ కట్ అయింది సార్. కాసేపు చూశాం. ఆకాశ్ గారితో స్టార్ట్ చేశాం.' దాన్ని చదువుతుండగానే శ్రీలేఖ ఫోన్ చేసింది.

"టబ్బు తీసుకున్నారా?"

"తీసుకున్నారు."

"చూశావా, పట్టుకెళ్లమన్నది అందుకే. నాన్న కూడా చూశారు లైవ్. సోమవారం పొద్దున్నే వచ్చి కూర్చోమన్నారు. కంప్యూటర్ కొంచెం నెమ్మదిగా ఉందట."

"నేను చూస్తాలే."

"దాన్ని మాత్రం ముట్టుకోవద్దన్నారు."

సుధీర్ చెరువు వైపు తిరిగి నిలబడ్డాడు. "అమ్మ ఏం చేస్తోంది? ఏమైనా అందా?"

"ఏమంటుంది, నువ్వు చూపించిన చిటికె చూసి తన ఫోన్ కూడా తుడిచేసుకుంది. ఇప్పుడు ఏదీ తెరుచుకోవట్లేదు, నువ్వొచ్చి చూడాలట." శ్రీలేఖ గొంతులో నవ్వు లేదు. "ఈసారి మాత్రం చివరిదాకా చూసిందట."